ఫోన్‌తో మొదటి డాక్యుమెంటరీ ఎలా తీయాలి? ఒక మగ్గం ఇంటి నుంచి మొదలుపెడదాం

"అన్నా, డాక్యుమెంటరీ తీయాలని ఉంది. ఏ కెమెరా కొనాలె?"

నేను నల్లగొండలో పెళ్ళి వీడియోలు తీస్తుంటాను. సీజన్ లేనప్పుడు చిన్న చిన్న డాక్యుమెంటరీలు చేస్తాను. వారానికి ఇద్దరైనా ఈ మాట అడుగుతారు. దేవరకొండ నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఒకరు. ఫోన్‌లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇప్పుడేమీ కొనకండి. జేబులో ఉన్న ఫోన్‌తో ఎనిమిది, పది నిమిషాల సినిమా ఒకటి పూర్తి చేయండి. నలుగురైదుగురు కలిసి చేస్తే గొడవలే ఎక్కువవుతాయి, ఇద్దరు చాలు. నాలుగైదు ఆదివారాలు పడుతుంది.

ఉదాహరణకు గట్టుప్పల్, పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి ఊళ్ళలోని ఒక చేనేత ఇంటిని తీసుకుందాం. మీది గద్వాల అయితే అక్కడి చీర, నారాయణపేట అయితే అక్కడి చీర. పద్ధతి ఒకటే.

ఏమేం కావాలి

మూడు, నాలుగేళ్ళ పాతదైనా వీడియో సరిగ్గా తీసే ఫోన్. వైరు ఉన్న కాలర్ మైక్ ఒకటి, కొన్ని వందల్లో దొరుకుతుంది. ఇంకో ఫోన్ (అది మీ అమ్మదైనా సరే, సౌండ్ రికార్డింగ్‌కి). ఇయర్‌ఫోన్స్. ట్రైపాడ్, అందులోనూ కాళ్ళు బాగా పరుచుకుని నేలకు దగ్గరగా దిగేది. పవర్‌బ్యాంక్. ఫుటేజ్ దాచడానికి రెండు వేర్వేరు చోట్లు: ఒకటి ల్యాప్‌టాప్, ఒకటి హార్డ్‌డిస్క్ అనుకోండి. తెల్ల థర్మాకోల్ షీట్ ఒకటి. నోట్‌బుక్కు, పెన్ను.

డ్రోన్ అక్కర్లేదు. ఫోన్ ఊగకుండా పట్టే గింబల్ కూడా అక్కర్లేదు. పైనుంచి ఊరు చూపించే షాట్ లేకుండా సినిమా మొదలుపెట్టడం నేర్చుకోవడమే ఒక పని. సాగర్ డ్యామ్ దగ్గర, నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల అయితే అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం సంగతి అటుంచి, షూటింగ్ కెమెరా కూడా బయటికి తీయకండి.

1. సబ్జెక్టును కోసి కోసి చిన్నది చేయండి

"నల్లగొండ చేనేత" సబ్జెక్టు కాదు, అది పరీక్షలో వ్యాసం. "పాలమూరు వలసలు" కూడా అంతే. "ఒక పెద్దమ్మ ఒక చీరకు పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) తయారు చేయడం" సబ్జెక్టు. "ముంబయి బస్సు ఎక్కే ముందు రోజు ఒక ఇంట్లో ఏం జరుగుతుంది" సబ్జెక్టు. "కురుమూర్తి జాతరలో ఉద్దాల (స్వామి పాదుకల ఉత్సవం) కోసం చెప్పులు కుట్టే ఇల్లు" చాలా మంచి సబ్జెక్టు. కానీ జాతర ఏడాదికోసారే వస్తుంది, ఆ రోజు మీ ఫోన్ చార్జింగ్ అయిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. పెద్దగట్టు జాతర అయితే రెండేళ్ళు. మొదటి సినిమాకి రోజూ జరిగే పనిని పట్టుకోండి. ఈరోజు చెడగొట్టినా రేపు మళ్ళీ తీసుకోవచ్చు.

సరి చూసుకోవడం: మూడు వాక్యాలు రాయండి. ఎవరు? ఏం చేస్తున్నారు? మొదట్లో లేనిది చివరికి ఏం వస్తుంది? (తెల్ల నూలు చీర అవుతుంది, సంచీ సర్దుకున్నవాడు బస్సెక్కుతాడు.) మూడో వాక్యం రాయలేకపోతే సబ్జెక్టు ఇంకా పెద్దదిగానే ఉందన్నమాట.

ఇక్కడ అందరూ చేసే తప్పు చరిత్రతో మొదలుపెట్టడం. పోచంపల్లి అనగానే 1951 ఏప్రిల్ 18, వినోబా భావే భూదాన ఉద్యమం, వంద ఎకరాల దానం. పుట్టపాక అనగానే తేలియా రుమాల్ అనే ఇక్కత్ బట్ట, 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు. అన్నీ నిజాలే. కానీ మొదటి రెండు నిమిషాలు గంభీరమైన గొంతుతో ఇవన్నీ చదివితే చూసేవాడు మూడో నిమిషానికి ఉండడు. తప్పనిసరి అనుకుంటే మధ్యలో ఒక్క టైటిల్ కార్డు వేయండి, నాలుగు సెకన్లు.

2. రెండుసార్లు కెమెరా లేకుండా వెళ్ళండి

ఈ మెట్టును దాదాపు అందరూ ఎగరగొట్టేస్తారు. దయచేసి ఎగరగొట్టకండి. మొదటిసారి వెళ్ళినప్పుడు చాయ్ తాగి, మాట్లాడి వచ్చేయండి. రెండోసారి నోట్‌బుక్కు తీసుకెళ్ళి ఇవి రాసుకోండి: గుమ్మంలోంచి వెలుతురు ఏ టైంలో లోపలికి పడుతుంది, కరెంటు ఎప్పుడు పోతుంది, పక్కింటి మగ్గం ఎప్పుడు ఆగుతుంది, పని చేసే మనిషి ఏ గంటలో మాట్లాడే మూడ్‌లో ఉంటారు. ఇంకోటి, ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడే మనిషీ ఎక్కువ పని చేసే మనిషీ ఒకరే అయి ఉండరు. మీ సినిమా చాలాసార్లు రెండో మనిషి దగ్గర ఉంటుంది.

అనుమతి సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. ఏం తీస్తున్నారు, ఎక్కడ పెడతారు, డబ్బులు వస్తాయా రావా, అన్నీ ముందే చెప్పండి. షూటింగ్ రోజు కెమెరా ముందే మళ్ళీ చెప్పి, వాళ్ళు సరేనన్నది రికార్డు చేయండి. పిల్లలుంటే తల్లిదండ్రులను అడగాలి. "ఈ ముక్క వద్దు బిడ్డా" అని తర్వాత అంటే తీసేస్తానని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ మీద సినిమా తీస్తామని చాలామంది నన్ను అడుగుతారు. ఆ ఊళ్ళకు దశాబ్దాలుగా కెమెరాలు వచ్చి పోతూనే ఉన్నాయి. వంకర తిరిగిన కాళ్ళను క్లోజప్‌లో తీసుకుని, వెనక విషాద సంగీతం వేసి వెళ్ళిపోతారు. నేనూ మొదట్లో అదే చేశాను. ఒక పెద్దాయన తర్వాత కలిసినప్పుడు, "నా కాళ్ళు తీసినవ్ గానీ నేను చెప్పింది ఒక్క ముక్కన్న పెట్టలే" అన్నాడు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క నా సినిమాలో ఉంది, ఆయన పొద్దున్నే మంచం మీద నుంచి ఎలా లేస్తాడన్నది లేదు. ఆ సినిమా ఇప్పుడు ఎవరికీ చూపించను. ఆ సబ్జెక్టే తీయాలనుకుంటే రెండోదో మూడోదో సినిమాగా తీయండి.

3. ఫోన్ సెట్టింగులు, ఒక నిమిషం టెస్ట్

ఎయిర్‌ప్లేన్ మోడ్ ముందు. ఇంటర్వ్యూ మధ్యలో మీ బావమరిది ఫోన్ చేస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. లెన్సును మెత్తటి బట్టతో తుడవండి. ఫోన్‌ను అడ్డంగా పట్టండి. క్వాలిటీ 1080పీ చాలు.

మగ్గం ఇళ్ళలో ట్యూబ్‌లైట్లు ఎక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, వీడియోలో మాత్రం నల్లచారలు పైకీ కిందికీ పాకుతాయి. కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే ఫ్రేమ్ రేటు 25, షటర్ 1/50 పెట్టండి. ప్రో మోడ్ లేకపోతే లైటు ఆపేసి గుమ్మం వెలుతురులో తీయండి. చాలాసార్లు అదే అందంగా ఉంటుంది.

తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. ప్రతి షాట్‌కీ లాక్ చేయండి. చేయకపోతే నాడె (పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్ళేది) కదిలినప్పుడల్లా ఫోన్ ఫోకస్ వెతుక్కుంటుంది, తెల్లచీర కట్టుకున్నవాళ్ళు అడ్డం వస్తే గది మొత్తం చీకటైపోతుంది.

సరి చూసుకోవడం: ఒక నిమిషం తీసి ఫైల్ సైజు చూడండి. 130 ఎంబీ వస్తే గంటకు దాదాపు 8 జీబీ అవుతుంది. అంత ఖాళీ ఫోన్‌లో ఉందా? లేకపోతే పాత పెళ్ళి ఫోటోలు ఇంటి దగ్గరే ఖాళీ చేసి రండి, లొకేషన్‌లో కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు ఫోన్ వేడెక్కి కెమెరా దానంతటదే ఆగిపోతుంది. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత బయటి షాట్లు తీసుకోండి. మధ్యాహ్నం ఇంటి లోపలి పని పెట్టుకోండి.

4. పనిని తీయడం

సినిమా బాగుండేదీ పాడయ్యేదీ ఇక్కడే. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఆసు పోయడం, అంటే చీరకు నూలును వరుసగా పేర్చి సిద్ధం చేయడం, చూసే ఉంటారు. నడుమ ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుస మేకులు. పెద్దమ్మ నూలును నడిమి మేకు నుంచి ఒక్కో మేకుకూ తిప్పుతూ పోతుంది. ఒక చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ కష్టం చూసే ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో యంత్రమే ఉంటుంది. మీరు వెళ్ళిన ఇంట్లో చేత్తో పోస్తున్నారా, యంత్రంతోనా అన్నదాన్ని బట్టి మీ సినిమా సౌండే మారిపోతుంది.

కొత్తవాళ్ళు ఏం చేస్తారంటే, నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకుని ఎడమ నుంచి కుడికి ఒక పాన్, కుడి నుంచి ఎడమకు ఒక పాన్, ఒక జూమ్. అయిపోయింది అనుకుంటారు. ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో ఏ రెండు ముక్కలూ అతకవు. ఇలా చేయండి:

చేతులు దగ్గరగా ఒక షాట్. ముఖం ఒకటి, చూపు ఎటు పోతోందో తెలిసేలా. భుజం మీదుగా ఒకటి, ఆమెకు కనిపించేదే మనకూ కనిపించేలా. గది మొత్తం దూరం నుంచి ఒకటి. ఇక ఐదోది పనికి సంబంధం లేనిది: గోడ మీది క్యాలెండర్, చిటికి కట్టడానికి (రంగు అంటకుండా నూలును అక్కడక్కడ కట్టడానికి) కోసి పెట్టుకున్న రబ్బరు ట్యూబు ముక్కలు, మగ్గం పక్కన నిద్రపోయే పిల్లి. ఒక్కో షాటూ ట్రైపాడ్ మీద పది సెకన్లు కదలకుండా. మనసులో పది లెక్కపెట్టండి, టెన్షన్‌లో పది అనుకున్నది నాలుగు సెకన్లకే అయిపోతుంది కాబట్టి నేనైతే పదిహేను లెక్కపెడతాను.

తర్వాత పని ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా తీయండి. ఈ నిడివైన షాట్‌లోనే అసలు సరుకు దొరుకుతుంది. ఒకసారి నేను అలా ఇరవై నిమిషాలు వదిలేశాను. పన్నెండో నిమిషంలో ఆమె ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది, మళ్ళీ మొదలుపెట్టింది. నేనప్పుడు బయట ఫోన్ మాట్లాడుతున్నాను. "భుజం నొప్పి ఉందా?" అని అడిగితే "ఏముంది బిడ్డా, అలవాటే" అని నవ్వేసింది. నవ్వు వాడలేదు, ఆ క్షణం వాడాను.

గుంట మగ్గం తీసేటప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. నేసే మనిషి కాళ్ళు గుంటలో ఉంటాయి, నడుము నేల మట్టంలో ఉంటుంది. మీరు నిలబడి తీస్తే ఆయన నెత్తి, బట్టతల తప్ప ఏమీ కనబడవు. పైగా ఎవరినైనా పైనుంచి తీస్తే చిన్నగా, దీనంగా కనిపిస్తారు. ట్రైపాడ్ కాళ్ళు పరిచి, మీరూ నేలమీద కూర్చోండి, లెన్సు ఆయన కళ్ళ ఎత్తులో ఉండాలి. వీలైతే గుంటలో కాళ్ళ కదలిక ఒక షాట్ తీసుకోండి, చాలామంది అది మర్చిపోతారు.

వెళ్ళే ముందు రెండు సౌండ్లు విడిగా రికార్డు చేయండి: మగ్గం ఆడుతున్న శబ్దం రెండు నిమిషాలు, మగ్గం ఆగాక గది నిశ్శబ్దం ఒక నిమిషం. రెండోది ఎందుకని అందరూ నవ్వుతారు. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే దిక్కు.

5. ఇంటర్వ్యూ

చూసేవాళ్ళు బొమ్మ మసకగా ఉంటే సర్దుకుంటారు, మాట వినబడకపోతే సర్దుకోరు. కాబట్టి సగం ఓపిక సౌండ్ మీద పెట్టండి.

మనిషిని గుమ్మం వెలుతురుకు ఎదురుగా, కొంచెం పక్కకు కూర్చోబెట్టండి. వెలుతురు వీపు వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. చీకటి పడే చెంప వైపు థర్మాకోల్ షీటు నిలబెడితే సరిపోతుంది. మైకు గొంతుకు జానెడు కింద, చీర కొంగు రాసుకోని చోట పెట్టండి. గాజులు, పుస్తెలు మైకుకు తగిలితే టిక్కుటిక్కుమంటుంది. ఫ్యాన్, టీవీ, ఫ్రిజ్ ఆపించండి. ఫ్రిజ్ ఆపాక మీ బండి తాళంచెవి ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పుడు మళ్ళీ ఆన్ చేయకుండా వెళ్ళలేరు. లేదంటే పాలు విరిగిపోయి, మీకు ఆ ఇంట్లో రెండో రోజు ఉండదు.

పక్కింటి మగ్గాన్ని మీరు ఆపలేరు. వాళ్ళు అన్నానికి లేచే టైంలో ఇంటర్వ్యూ పెట్టుకోండి. రెండోసారి వెళ్ళినప్పుడు రాసుకున్న నోట్సు ఇప్పుడు పనికొస్తుంది.

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలు వద్దు. "మీకు కష్టంగా ఉందా?" అంటే "ఆఁ, ఉంది" అంటారు, అంతే. ఇలా అడగండి:

"పెద్దమ్మా, మొదటిసారి ఆసు పోసిన రోజు సంగతి చెప్పరాదు."
"ఏ చీర బాగా సతాయించింది నిన్ను?"
"పని లేని రోజు పొద్దున లేచి ఏం చేస్తవ్?"

మీ ప్రశ్న సినిమాలో ఉండదు కాబట్టి, జవాబు పూర్తి వాక్యంగా రావాలి. "ఎన్నేళ్ళ నుంచి?" అంటే "నలభై" అని ఊరుకుంటారు. "నేను నలభై ఏండ్ల సంది ఆసు పోస్తున్న" అని రావాలంటే ముందే ఒకసారి చెప్పి పెట్టుకోండి. జవాబు అయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఐదు అంకెల్లోనే అసలు మాట బయటికి వస్తుంది.

వాళ్ళ భాషను సరిదిద్దకండి. కెమెరా చూడగానే కొందరు టీవీ భాషలోకి మారిపోతారు. "మామూలుగ మాట్లాడు కాకా, మనోళ్ళే చూసేది" అంటే తిరిగి వస్తారు. సబ్‌టైటిల్స్‌లో కూడా పడుగును పడుగనే, పేకను (అడ్డం పోగులను) పేకనే రాయండి.

సరి చూసుకోవడం: మొదటి ముప్పై సెకన్లు తీసి, ఆపి, అక్కడికక్కడే ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఒకసారి మైకు పిన్ను సగమే దూరింది. గంటన్నర ఇంటర్వ్యూ, ఒక ముసలాయన రజాకార్ల నాటి సంగతులు చెప్పాడు. రాత్రి ఇంటికొచ్చి వింటే గుర్రుమన్న శబ్దం తప్ప మాట లేదు. మళ్ళీ వెళ్ళాను. ఆయన మళ్ళీ చెప్పాడు, కానీ అప్పగించిన పాఠంలా చెప్పాడు. అప్పటి నుంచి రెండో ఫోన్ కూడా రికార్డింగ్‌లో పెట్టి మాట్లాడే మనిషి జేబులోనో, ఒడిలోనో ఉంచుతాను. రెండూ మొదలయ్యాక కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి, తర్వాత రెండు సౌండ్లు కలపడం తేలిక.

6. అదే రోజు రాత్రి

తిండి తినే ముందే రెండు చోట్ల కాపీ చేయండి. రెండు కాపీలూ తెరిచి చూసేదాకా ఫోన్‌లోంచి ఏదీ డిలీట్ చేయకండి. ఫోల్డర్‌కు తేదీ, ఊరు పేరు పెట్టండి. ఫ్రెండ్‌కు ఫుటేజ్ పంపాలంటే వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపకండి, నాణ్యత చచ్చిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

7. ఎడిటింగ్: ముందు చెవితో, తర్వాత కంటితో

ఇంటర్వ్యూ మొత్తం కాగితం మీద రాయండి. బోర్ కొడుతుంది, అయినా రాయండి. బాగున్న వాక్యాల కింద గీత గీసి, వాటిని మాత్రమే కోసి వరుసలో పెట్టండి. బొమ్మలేమీ వేయకుండా కళ్ళు మూసుకుని రేడియోలా వినండి. ఎనిమిది నిమిషాలు విసుగు లేకుండా వినగలిగితే సినిమా నిలబడినట్టే. అప్పుడు పైన చేతులు, నాడె, ముఖాలు పరచండి. మాట "నాడె" అన్నప్పుడే నాడె చూపించాల్సిన పని లేదు, అది బడి పాఠం అవుతుంది.

కంప్యూటర్ మంచిదైతే డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. ఫోన్‌లోనే చేయాలంటే కైన్‌మాస్టర్ ఉంది, ఉచిత వెర్షన్‌లో దాని ముద్ర పడుతుంది. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండదు, అందుకే టైమ్‌లైన్ చివరికి వచ్చేసరికి పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది. అలా అయితే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకుని మళ్ళీ దింపండి.

సంగీతం గురించి నా అభిప్రాయం: మొదటి సినిమాకి వద్దు. మగ్గం చప్పుడు ఉంది కదా. సినిమా పాట వాడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. ఊళ్ళో ఎవరైనా పాడితే వాళ్ళ అనుమతితో, వాళ్ళ పేరు వేసి వాడుకోండి.

8. ముగ్గురికి చూపించండి

ఆ ఇంటి మనిషికి ముందు. పని తెలిసిన ఇంకో నేతకారుకు. పని తెలియని మీ ఫ్రెండ్‌కు. సినిమా చూడకుండా వాళ్ళ ముఖాలు చూడండి. ఫ్రెండ్ ఫోన్ చేతిలోకి తీసుకున్న నిమిషం రాసుకోండి, అక్కడ కోత పడాలి. నేతకారు "గిది ముందు, గది తర్వాత" అంటే మీ వరుస తప్పింది, వాదించకుండా మార్చండి. "ఎట్లుంది?" అని అడగకండి, అందరూ "మస్తుంది" అంటారు. "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడగండి.

9. బయటికి పంపడం

ఫెస్టివల్‌కు పంపాలనుకుంటే ముందే యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టకండి. అలా పెట్టినవాటిని కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా) పెట్టి లింకు పంపండి. ముంబయి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్ 1990 నుంచి జరుగుతోంది, డాక్యుమెంటరీలకు అదే మన దేశంలో పెద్ద వేదిక. కేరళలో ఐడీఎస్‌ఎఫ్‌ఎఫ్‌కే అనే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది. రెండింటికీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కావాలి. నిబంధనలు, ఫీజులు ఏటా మారుతుంటాయి కాబట్టి వాళ్ళ వెబ్‌సైట్లోనే చూసుకోండి.

ఆ ఇంటివాళ్ళకు ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వాలి, సినిమాతో పాటు కోయని ఇంటర్వ్యూ కూడా వేసి. ఇచ్చేసి బండెక్కకండి. వాళ్ళ టీవీకి పెట్టి ఆడుతుందో లేదో చూడండి. చాలా పాత టీవీలు కొత్త ఫార్మాట్లు ఆడించవు, అందుకని హెచ్.264 ఎంపీ4గా కూడా ఒక కాపీ వేసి తీసుకెళ్ళండి.